ఈఈఈ తీసుకుంటే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. విద్యుత్ ఉత్పత్తి, సరఫరా రంగం ఇష్టమని ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) తీసుకుంటానంటోంది. బంధువులు మాత్రం కంప్యూటర్ సైన్సే మేలంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఆ ఇష్టానికి గణితంలో పట్టు కూడా తోడైతే నిశ్చింతగా ఈఈఈలో చేర్పించండి. గ్రిడ్‌లో, అంటే విద్యుత్ కేంద్రాలను, వినియోగదారులను కలిపే లైన్ల వలయంలో, ఏ క్షణాన ఎంత వాడకం ఉంటే ఆ క్షణాన అంత ఉత్పత్తి జరగాలి. ఆ తూకం తప్పితే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తాలు) దగ్గర ఉండాల్సిన కరెంటు ఫ్రీక్వెన్సీ గాడి తప్పుతుంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలినప్పుడు, మిగతా దేశంతో హెచ్‌వీడీసీ లింకుల (ఫ్రీక్వెన్సీ ఒడిదుడుకులను అవతలికి దాటనివ్వని డైరెక్ట్ కరెంట్ లైన్ల) ద్వారానే కలిసి ఉన్న దక్షిణాది గ్రిడ్ ఆ దెబ్బ నుంచి తప్పించుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ అదే గ్రిడ్‌లో భాగమయ్యాం కాబట్టి, ఇప్పుడు ఎక్కడి ఒడిదుడుకైనా మనకూ తగులుతుంది. దానికి తోడు మధ్యాహ్నం పుష్కలంగా వచ్చే సౌర విద్యుత్తు, ఇళ్లలో వాడకం పెరిగే సాయంత్రానికి తగ్గిపోతుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లను, మిగులు విద్యుత్తు ఉన్నప్పుడు దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి తోడేలా రూపొందించింది ఇటువంటి అవసరాలకే. ఎప్పుడు తోడాలో, ఎప్పుడు ఉత్పత్తి చేయాలో తేల్చడానికి కావాల్సిన డిమాండ్ అంచనాలు, ఏ లైనులో ఎంత విద్యుత్తు పారుతుందో చెప్పే లోడ్ ఫ్లో లెక్కలు కంప్యూటర్ మీదే జరుగుతాయి. అందుచేత ఈఈఈ చదివినా పైథాన్ ప్రోగ్రామింగ్, మ్యాట్‌లాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తప్పక నేర్చుకోవాలి. మీ బంధువుల మాటలో ఆ మేరకు నిజముంది.

ఉద్యోగాల విషయంలో ఓపిక అవసరం. విద్యుత్ ఉత్పత్తి, సరఫరా, పంపిణీ సంస్థలైన జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కమ్‌లలో అసిస్టెంట్ ఇంజినీరు పోస్టులకు నోటిఫికేషన్ ఏటా వస్తుందన్న భరోసా లేదు. పవర్‌గ్రిడ్, ఎన్టీపీసీ వంటి సంస్థలు గేట్ (ఇంజినీరింగ్ పట్టభద్రులు రాసే జాతీయ పరీక్ష) స్కోరు ఆధారంగా నియామకాలు చేపడుతూ వచ్చాయి కనుక మూడో సంవత్సరం నుంచే గేట్‌కు సిద్ధం కావడం మంచిది. ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్ (కరెంటును కలిపే, తెంచే పరికరాలు) తయారుచేసే ప్రైవేటు కంపెనీల్లోనూ అవకాశాలుంటాయి. అయితే ఉత్పత్తి కేంద్రంలో చేరితే రాత్రి షిఫ్టులు, రామగుండం, పాల్వంచ లాంటి చోట ప్లాంటు కాలనీలో కాపురం ఉంటాయని అమ్మాయికి ముందే చెప్పండి. ఆడపిల్ల కదా అని ఆ కారణంతో వెనక్కి లాగవద్దని నా విన్నపం.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి స్వయంగా వెళ్లి పవర్ సిస్టమ్స్ ల్యాబ్ చూపించమని అడగండి. రిలేలను (లోపాన్ని గుర్తించి కరెంటు ఆపించే పరికరాలను) విద్యార్థులే పరీక్షిస్తున్నారా, లేక అద్దాల బీరువాలో ఉంచి చూపిస్తున్నారా అన్నది అక్కడి సీనియర్లను అడిగితే చెబుతారు.