మీ ఉత్తరంలో మీ ఆయన ఎక్కడ?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఏలూరులో ఉంటాం. మా అత్తయ్యగారు సాయంత్రం ఆరు నుంచి పది దాకా టీవీ ముందే. సీరియల్లో కోడలు సొంత కాళ్ల మీద నిలబడితే కళ్లనీళ్లు పెట్టుకుని దీవిస్తారు. నేను మా వీధి చివర ప్లేస్కూల్లో టీచరుగా చేరతానంటే (నెలకు 12 వేలు, ఉదయం 9 నుంచి 1.30) మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మావారు మంచివారే, ఏ అలవాట్లూ లేవు. ‘అమ్మ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు, నువ్వే సీరియళ్లు చూసి చెడిపోతున్నావ్’ అంటారు. కేబుల్ తీయించేస్తే గొడవలు తగ్గుతాయా?

జవాబు: తగ్గవు. కేబుల్ జోలికి పోకండి. పెద్దావిడకున్న ఒక్క కాలక్షేపం తీసేస్తే ఆ పాపం కూడా మీ ఖాతాలోనే రాస్తారు.

మీ ఉత్తరం నిండా అత్తగారే. మీ ఆయన చివర్లో వచ్చి, ఒక మాట అనేసి తప్పుకున్నారు. సీరియల్ కథ అల్లేదీ అచ్చం ఇలాగే. హీరోని పూర్తిగా చెడ్డవాణ్ని చేస్తే రేపు మళ్లీ హీరోయిన్‌తో కలపడం కష్టం. అందుకని అతని తప్పును అత్తకీ, ఆడపడుచుకీ, ఆఫీసులో ఉన్న ఇంకో ఆవిడకీ తలా కాస్త పంచేస్తారు. అతను మాత్రం పాపం ఎవరో చెప్పింది నమ్మేస్తాడంతే. మీ ఇంటి కథనూ మీరు ఆ లెక్కలోనే రాసుకున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2019లో బెంగాలీలో ‘శ్రీమయి’ అనే సీరియల్ వచ్చింది. అదే కథ తెలుగులో ‘ఇంటింటి గృహలక్ష్మి’, హిందీలో ‘అనుపమా’ అయింది, మరాఠీ, తమిళాల్లోనూ నడిచింది. తెలుగు కథలో తులసి అయినా హిందీ కథలో అనుపమ అయినా, భర్త ఇంకో మనిషికి దగ్గరయ్యాడని బయటపడ్డాకే కథ ఆమెను పూర్తిగా గడప దాటిస్తుంది. అంటే ఆడది తన సంపాదన తాను చూసుకోవాలంటే ముందు మొగుడు ద్రోహం చేసి ఉండాలి. ఉత్తినే, తనకు ఇష్టమై ఉద్యోగానికి వెళ్లే ఇల్లాలికి ఆ కథల్లో చోటు తక్కువ. ‘మావారు మంచివారే’ అని మీరు రాయడం వెనక ఉన్న సంకోచం ఇదేననుకుంటాను. ఆయన మంచివారైతే మీకు ఉద్యోగం అడిగే అర్హత పోతుందా?

ఆయనతో మాట్లాడండి. హాల్లో, అందరి ముందూ వద్దు. సీరియల్లో ప్రతి గొడవా హాల్లోనే జరుగుతుంది, ఒక్క మాటకి పదిమంది మొహాలూ చూపిస్తే సగం ఎపిసోడ్ గడిచిపోతుంది కాబట్టి. మీరు ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ‘వెళ్లనా?’ అనకండి. ‘ఒకటో తారీకు నుంచి వెళ్తున్నాను, అత్తయ్యగారికి మీరే చెప్పాలి’ అనండి. ‘అమ్మ ఒప్పుకుంటే’ అని మళ్లీ మొదలుపెడితే, ‘మీరు ఒప్పుకున్నారా?’ అని అడిగి ఊరుకోండి. ఆయన జవాబు చెప్పేదాకా వేరే మాట ఎత్తకండి.

ఆయన తల్లి దగ్గరికి వెళ్లి ‘దాన్ని పంపించమంటావా?’ అని అడిగారో, పని చెడినట్టే. ఆ ప్రశ్నకు జవాబు మీ అందరికీ తెలుసు. ‘అమ్మా, తను వెళ్తోంది, నీ భోజనానికి ఇలా ఏర్పాటు చేశాం’ అని చెప్పాలి. మీరు ఆ గదిలో ఉండొద్దు.

అత్తగారి అసలు బెంగ ఆ భోజనమే అయి ఉండొచ్చు. ఎనిమిదిన్నరకల్లా వంట ముగించి, అన్నం హాట్‌ప్యాక్‌లో పెట్టండి. ఏలూరు ఎండల్లో పప్పు, పులుసు బయట ఉంచితే మధ్యాహ్నానికే పాడవ్వొచ్చు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, వేడి చేసుకోవడం ఆవిడకు చూపించండి. పొద్దున టిఫిన్ కాస్త ఆలస్యంగా పెట్టి, మీరు వచ్చాకే ఇద్దరూ కలిసి తినొచ్చు కూడా. ఆవిడ షుగర్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం డాక్టర్ని అడగకుండా భోజనం వేళ మార్చకండి. మళ్లీ మాట్లాడటం మానేస్తారా, మానేయనివ్వండి. వేళకు కాఫీ ఇవ్వండి, క్షమాపణ మాత్రం చెప్పకండి.

స్కూలువాళ్లను చేరే ముందే ఒకటి అడగండి: వేసవి సెలవులకు జీతం ఇస్తారా? కొన్నిచోట్ల పది నెలలకే ఇస్తారు. అలాగైతే ఏడాదికి మీ చేతికొచ్చేది 1,44,000 కాదు, 1,20,000. జీతం మీ ఒక్కరి పేరున్న ఖాతాలో పడాలి, జాయింట్ ఖాతా వద్దు. ఆ ఖాతా యూపీఐ మీ ఫోన్లోనే ఉండాలి, పిన్ మీకే తెలియాలి. ఇంటికి ఎంత ఇస్తారో, నాలుగు వేలో ఐదు వేలో, మొదటి జీతం రాకముందే ఆయనకు చెప్పేయండి. వచ్చాక చెబుదామనుకుంటే అప్పటికే అది ఏ బండి వాయిదాకో కేటాయించేసి ఉంటారు.