బుజ్జమ్మా, బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళిపోకు

ప్రభువు పేరిట వందనాలు తల్లీ, పెద్దమ్మని.

మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే టైంకి నువ్వు లేచి బయటికి వచ్చేస్తున్నావంట, మూడు నెలల నుంచీ ఇదే వరసంట, అడిగితే నాకు అర్హత లేదమ్మా అంటున్నావంట. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెప్దామంటే మధ్యలో ఏడుపొచ్చేస్తుంది, అందుకే టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ముందు ఆ అర్హత సంగతి. నువ్వు భయపడేది బైబిల్లో మొదటి కొరింథీ 11 చూసే కదా. 28వ వచనం పూర్తిగా చదువమ్మా. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఆ పక్కనే "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్షించుకుని తినమన్నాడు గానీ లేచిపొమ్మనలేదు. ఆ పత్రిక రాసిన పౌలు గద్దించింది ఎవర్నంటే, పేదోళ్ళు ఆకలితో కూర్చునుంటే తాము ముందు తినేసి తాగేసిన వాళ్ళని. తప్పు తెలుసుకుని ఏడ్చే పిల్లని కాదు.

అసలు కష్టం ఎక్కడుందో చెప్పనా, ఊరికే ఇస్తే తీసుకోవడం మనకి అలవాటు లేదు. పెళ్ళిలో చదివింపుల పుస్తకం రాస్తాం, ఫలానా వాళ్ళు 516 అని, మళ్ళీ వాళ్ళింట్లో శుభకార్యానికి ఆ పుస్తకం తీసి చూసుకుని అంతకి తగ్గకుండా చదివిస్తాం. మనుషుల మధ్య అది మర్యాదే. నేను దేవుడితో కూడా అదే పుస్తకం పెట్టుకుని చాలా ఏళ్ళు బతికా. మీ అన్నయ్యకి టైఫాయిడ్ వచ్చినప్పుడు 40 రోజులు ఉపవాసం ఉంటానని మొక్కుకున్నా, వాడికి తగ్గింది, నేనేమో 31వ రోజున కళ్ళు తిరిగి పడిపోయా, ఇక ఆ మిగిలిన తొమ్మిది రోజులు నా మీద అప్పులాగా ఉండిపోయాయి, పిల్లోడికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు ఆ తొమ్మిది రోజులే గుర్తొచ్చేవి. ఒకరోజు మా పాస్టరమ్మగారు నాచేత ఎఫెసీ 2:8 మూడుసార్లు చదివించారు, "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే". వరం అన్నాక వాయిదాలుంటాయా అమ్మా అని అడిగారు. ఆ రాత్రి ఎన్నాళ్ళకో నిద్రపోయా.

మన ఒంగోలు పెద్దోళ్ళు అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర గురించి చెప్పేవాళ్ళు, నువ్వూ వినే ఉంటావు. 1876 నుంచి 78 దాకా కరువు, ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, బాప్తిస్మం ఇవ్వమని వేలమంది వచ్చినా కరువు సాయం జరిగినన్నాళ్ళూ ఇవ్వలేదు. తిండి కోసం దేవుణ్ణి కొనుక్కున్నట్టు కాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చేతిలో ఏమీ లేనివాళ్ళే బుజ్జమ్మా, నీళ్ళలోకి దిగేటప్పుడు అర్హత ఏం చూపించి ఉంటారు?

మరి కృతజ్ఞత ఎందుకంటావేమో. లూకా 17లో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్కడే థాంక్స్ చెప్పడానికి తిరిగొచ్చాడు కదా, ఆ తొమ్మిదిమందికి మళ్ళీ రోగం వచ్చిందని ఎక్కడా లేదు చూడు. థాంక్స్ చెప్పడం బిల్లు కట్టడం కాదు. వాడు వెనక్కొచ్చి ప్రభువు పాదాల దగ్గర పడ్డాడు, ఆయన్ని దగ్గరగా చూశాడు, మిగతావాళ్ళు పోగొట్టుకుంది అదే.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన డబ్బాలో వేసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్ళేది. నేనూ అదే చేస్తున్నా. మీ పెదనాన్న పోయిన ఏడు మాత్రం చెయ్యి బియ్యంలో పెడితే పిడికిలి బిగిసేది కాదు, నాలుగు గింజలే వచ్చేవి, అవే వేసేదాన్ని. ఆయన పోయినందుకు కూడా స్తోత్రం చెప్పమ్మా అని ఒకరు అన్నారు, నా వల్ల కాలేదు, చెప్పాలని నేననుకోను కూడా. మొదటి థెస్సలొనీక 5:18లో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది, ఆ విషయం మధ్యలో ఉండగా అని నాకు అర్థమైంది. ఆ రోజుల్లో పక్కింటావిడ రోజూ పొద్దున్నే టీ తెచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చునేది, ఆ టీ కోసం స్తోత్రం చెప్పా. నువ్వూ అట్టా పేరుపెట్టి చెప్పు, అన్నిటికీ స్తోత్రం అని ఒక్కమాటలో తేల్చెయ్యకు.

ఎవరితోనైనా గొడవుంటే వెళ్ళి మాట్లాడుకో, తప్పు చేసుంటే మానెయ్, అది చెయ్యాల్సిందే. కానీ అవన్నీ సరిచేసుకున్నాకే వస్తానని గడువు పెట్టుకోకు.

వచ్చే మొదటి ఆదివారం మీ అమ్మ పక్కనే కూర్చో, నడవా వైపు కాదు, లోపలివైపు. రొట్టె పళ్ళెం నీ దాకా వచ్చినప్పుడు చెయ్యి వణికితే వణకనీ, చాపి తీసుకో. గుడి అయ్యాక ఫోన్ చెయ్, నేను వంట కూడా పెట్టుకోకుండా ఎదురుచూస్తుంటా.

పెద్దమ్మ