డ్యూటీ షీటు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి బొగ్గు గనిలో నీ షిఫ్టులోకి నలుగురు ఆడవాళ్లు డంపర్ (మట్టి, బొగ్గు మోసే భారీ లారీ) ట్రైనీలుగా వస్తున్నారని, వాళ్లకు ఏం పని చెప్పాలని అడిగావు. మగ ట్రైనీలకు చెప్పేదే చెప్పు. కాకపోతే అలా చెప్పే ముందు సర్దుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

బొగ్గు పని ఆడవాళ్లది కాదని టైమ్ ఆఫీసు దగ్గర ఎవరో ఒకరు అంటారు. ఒకప్పుడు బాయి (భూగర్భ గని) లోపలే భర్త తవ్వితే భార్య తట్ట మోసేది. 1929 నిబంధనలతో వాళ్లను మెల్లగా బయటికి పంపారు. యుద్ధంలో మనుషులు చాలక 1943లో మళ్లీ దింపారు, 1946లో మళ్లీ ఆపారు. 1952 గనుల చట్టం పైపనికి కూడా పగటి హద్దు పెట్టింది. 2019లో అది సడలింది. ఓపెన్ కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, రాత్రి 7 నుంచి ఉదయం 6 మధ్య కూడా చేయొచ్చు. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, షిఫ్టుకు కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి.

ఈ ముగ్గురి లెక్క దగ్గరే ఇన్‌చార్జులు బోల్తా పడతారు. నలుగురినీ ఒకే జట్టుగా ఉంచు, ఇద్దరిద్దరుగా చీల్చకు. నైట్ వారంలో నలుగురికీ ప్లేడే (వారపు సెలవు) ఒకే రోజు ఇవ్వు. వేర్వేరు రోజులిస్తే ఒకరికి సెలవు, ఇంకొకరు నాగా అయ్యేసరికి ఇద్దరే మిగులుతారు, వాళ్లను పనికి పంపలేవు. సెకండ్ షిఫ్టు కూడా 7 దాటుతుంది కాబట్టి ఒప్పుదల కాగితం దానికీ కావాలి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. మీది మహారాష్ట్ర కాబట్టి కాగితం మరాఠీలోనో హిందీలోనో ఉంటుంది. మన బల్లార్షా, రాజురా తెలుగు పిల్లలు మరాఠీ గలగలా మాట్లాడతారు గానీ ఆఫీసు మరాఠీ అర్థం కాకుండానే సంతకం పెట్టేస్తారు. చదివి తెలుగులో చెప్పు. ఒప్పుకోనివాళ్లు ఫస్టు షిఫ్టులోనే ఉంటే మగవాళ్లకు నైట్లు పెరిగాయని గొణుగుడు మొదలవుతుంది. అందుకని నెల రోస్టరు ముందే గోడకు అతికించు, ఎవరికి ఎన్ని నైట్లో అంకె కనబడాలి.

అసలు చిక్కు డ్యూటీ షీటులో ఉంది. డంపర్ నేర్చుకోవలసిన మనిషిని లారీలు తూచే కాంటా దగ్గరో, రిజిస్టర్లు రాయడానికో కూర్చోబెట్టేది చెడ్డబుద్ధితో కాదు. ‘ఎండ మండుతోంది, ఈరోజుకు ఉండనీ’ అంటారు. చంద్రపూర్ ఎండ మగవాళ్లనేమీ వదిలిపెట్టదు కదా! ఆ ‘ఈరోజుకు’ ఆరు నెలలు సాగితే పని నిజంగానే చేతికి రాదు. అప్పుడు ‘మేం ముందే చెప్పాం’ అనేవాళ్లు తయారవుతారు. అందుకే ఆడా మగా తేడా లేకుండా ప్రతి ట్రైనీకి ఒక పట్టీ పెట్టు. తేదీ, డంపర్ నంబరు, ఏ షవెల్ (తవ్వి నింపే యంత్రం) కింద, ఎన్ని ట్రిప్పులు, మట్టి పోసే డంపు దగ్గర ఎన్ని రివర్సులు, అందులో చీకటిపడ్డాక ఎన్ని, పక్కన కూర్చున్న సీనియర్ సంతకం. వారానికోసారి పట్టీలు పక్కపక్కన పెట్టి చూడు. ఒకరికి 60 ట్రిప్పులు, ఇంకొకరికి 12 ఉంటే ముందు నీ షీటు సరిచెయ్యి, ఆ తర్వాతే ఎవరికి పని వచ్చింది, ఎవరికి రాలేదని తేల్చు.

డంపర్ స్టీరింగు హైడ్రాలిక్, దానికి భుజబలం అక్కర్లేదు. సీటు కుదరడం ముఖ్యం. వీపు సీటుకు ఆనించి ఉంచే బ్రేకు పెడల్ చివరిదాకా తొక్కగలగాలి. అందకపోతే ముందుకు జారి తొక్కుతారు, అద్దాల్లో వెనక భాగం కనబడదు. సీటు పట్టాలు దుమ్ముకు బిగుసుకుపోతాయి, వర్క్‌షాపుకు చెప్పి కడిగించు. షిఫ్టు మారినప్పుడల్లా సీటు, అద్దాలు, ఆ తర్వాత బ్రేకు పరీక్ష, ఈ వరుసకు అందరికీ ఐదు నిమిషాలు ఇవ్వు.

బూట్ల సంగతి చిన్నది అనుకోకు. స్టోర్సులో పెద్ద సైజులే ఉంటే లోపల గుడ్డ కుక్కి వేసుకుంటారు, నిచ్చెన మీద మడమ జారుతుంది. పాదం కొలిపించి 4, 5 సైజులకు ఇండెంటు పెట్టు. కొప్పు ఎత్తుగా ఉంటే హెల్మెట్ పైకి లేస్తుంది, జడ కిందికి వేసుకోమను. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు దగ్గరికి చున్నీతో ఎవరినీ రానివ్వకు.

మరుగుదొడ్డి దూరమైతే వాళ్లు మంచినీళ్లు తాగడం మానేస్తారు. మే నెలలో అది వడదెబ్బకు, మూత్రంలో మంటకు దారి. తవ్వే మెట్టు (బెంచి) ముందుకు జరిగేకొద్దీ మరుగుదొడ్డి కూడా జరగాలి కాబట్టి కదిలించగలిగేదే అడుగు. లోపల గడియ, లైటు, నీళ్ల ట్యాంకు, మూత ఉన్న డబ్బా ఉండాలి. వాకీటాకీలో పదిమంది వింటుండగా అనుమతి అడగాల్సిన పరిస్థితి పెట్టకు. రిలీఫ్ ఆపరేటర్‌తో షిఫ్టుకు రెండుసార్లు అందరికీ విరామం ఖాయం చెయ్యి.

పిలుపు కూడా ఒకటే ఉండాలి. మగవాళ్లను డంపర్ నంబరుతో పిలుస్తూ వీళ్లను తాయీ (అక్కా), బేటీ అంటే అదే గాలి షిఫ్టంతా పాకుతుంది.

ఎవరైనా వేధించారని ఆమె చెబితే ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టి రాజీ చెయ్యకు. పనిచోట లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం అది అంతర్గత కమిటీ పని. జరిగిన 3 నెలల్లోపు ఆమె ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, సకారణమైతే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వగలదు. రాజీ మాట ఆమె అడిగితేనే, అదీ కమిటీ ద్వారానే, డబ్బు ప్రసక్తి లేకుండా. నువ్వు చేయాల్సింది కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు రెస్ట్ షెల్టరు గోడ మీద పెట్టడం.

కాన్పు సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. తిరిగొచ్చాక పట్టీ మళ్లీ తెరిచి, సీనియర్ పక్కన కొన్ని ట్రిప్పులు వేయించాకే ఒంటరిగా పంపు.

ఉంటాను.
మీ మామ

తా.క.: భర్త పోయాక వచ్చిన ఉద్యోగంతో ఏళ్లుగా టీలు అందిస్తున్న ఆడవాళ్లు మీ ఆఫీసులోనూ ఉంటారు. వాళ్లలో ఎవరు ఎంతవరకు చదివారో సర్వీసు బుక్కు తీసి చూడు. తర్వాతి ట్రైనింగు జట్టుకు పేర్లు అక్కడే దొరకొచ్చు. బూట్ల ఇండెంటు మాత్రం ఈ వారమే పంపు.