దిద్దు దొరికిన సంగతి ఆమెకు ఎవరు చెబుతారు?

ఉత్తరం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 43. ఆంధ్ర వైపున్న పాతపట్నం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి 21 ఏళ్లయింది. ఏడు నెలల కిందట మేడ మీద వాటా ఒక నర్సు అమ్మాయికి అద్దెకిచ్చాం. సెరంగో కొండల వైపు అమ్మాయి. సవర అమ్మాయి అయినా మనిషి నెమ్మది, తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఒక నెల మాత్రం అద్దె నాలుగు రోజులు ఆలస్యం చేసింది. అంతకుముందున్న బ్యాంకు ఆయన రెండు నెలలు బాకీ పెట్టాడు గానీ పాపం ఆయనవి బదిలీ కష్టాలు. అత్తగారికి ఈ అమ్మాయిని పెట్టడం మొదటి నుంచీ ఇష్టం లేదు. కొండవాళ్లకు శుచీ శుభ్రం ఉండదంటారు. ఎండుచేపల వాసన వస్తోందంటారు. మేమూ తింటాం, కానీ ఆ వాసన వేరు. ఆమె కిందికి వస్తే టీ ఇస్తాను. అత్తగారు చూస్తారని ఆ గ్లాసు కిటికీలో విడిగా పెడతాను. నెల కిందట నా చెవిదిద్దు కనిపించకపోతే ముందు ఆమెనే అడిగాం. తర్వాత అది దిండు గలేబులో దొరికింది. అప్పటి నుంచి ఆమె కిందికి రావడం లేదు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నాతో ముభావంగా ఉంటోంది. మా వారు ఇది ఆడవాళ్ల గొడవ అంటారు. మా అబ్బాయిని భువనేశ్వర్ హాస్టల్లో తెలుగువాడని ‘తెలింగా’ అంటూ ఏడిపించారని తెలిసిన రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు, అలాంటిది నాకు జాతి పట్టింపు ఎందుకుంటుంది? అత్తగారి చిన్నప్పుడు ఒక పెద్దింట్లో దాహం అడిగితే పైనుంచి దోసిట్లో పోశారట. ఆ సంగతి తానే చెబుతారు గానీ మారరు. ఆ అమ్మాయి నొచ్చుకోకుండా ఖాళీ చేయించడానికి ఏం కారణం చెప్పమంటారు? నా మనసులోకి కూడా ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయి. రాకుండా ఏం చేయాలి?

జవాబు: కారణం నేను చెప్పనమ్మా. చుట్టాలొస్తున్నారన్నా, మేడ బాగుచేయించాలన్నా ఆ అమ్మాయికి అర్థమయ్యేది ఒకటే. దిద్దు గురించి అడిగించుకున్న మనిషికి ఆ తర్వాత మీరు చెప్పే ఏ కారణమూ కారణంలా వినిపించదు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం కోసం వెతికాను, కనిపించలేదు. దిద్దు దొరికిందని రాశారు. దొరికిన సంగతి ఆమెకు చెప్పామని ఎక్కడా రాయలేదు. చెప్పి ఉండరు. అంటే నెల రోజులుగా ఆమె మీ మేడ మీద దొంగగానే బతుకుతోంది. మీకేమో అది ఏనాడో తీరిపోయిన విషయం.

అందుకని ముందు ఆ పని చేయండి. ఆమె డ్యూటీ దిగి వచ్చాక, స్నానం చేసి కాస్త తేరుకునే వేళ చూసి, మీరే మేడ ఎక్కండి. కిందికి పిలిపించకండి. ‘అమ్మా, దిద్దు మా దిండు గలేబులోనే దొరికింది. ఇంట్లో వెతక్కుండా ముందు నిన్ను అడగడం మా తప్పు. దొరికాక నీకు చెప్పకపోవడం ఇంకో తప్పు. క్షమించు’ అనండి, చాలు. ‘నిన్ను బాధపెట్టి ఉంటే’ అనవద్దు, బాధపెట్టారని మీకు తెలుసు. ‘అత్తగారే అడగమన్నారు’ అని అసలే అనవద్దు. స్వీట్ల డబ్బా పట్టుకెళ్లకండి. చేతిలో డబ్బా పెడితే ఆమె ‘పర్వాలేదండీ’ అనక తప్పదు, అది మాట లాక్కోవడమే అవుతుంది. ఆమె ఏమీ అనకపోయినా, తలుపు దగ్గర నుంచే పంపేసినా, చెప్పాల్సింది చెప్పి దిగి రండి. వెళ్లేటప్పుడు మీ అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ముభావానికి కారణం నేను విడమర్చి చెప్పక్కర్లేదు కదా. దిద్దు అడిగినప్పుడు ఆ పిల్ల అక్కడే ఉండి ఉంటే, తప్పు ఒప్పుకునేటప్పుడూ అక్కడ ఉండాలి.

ఇక అసలు సంగతి. మీ గొడవ ఆ నర్సు అమ్మాయితో కాదు, మీ అత్తగారితో. ‘అత్తగారు చూస్తారని’ గ్లాసు విడిగా పెడతానని రాశారు. ఆ గ్లాసు పెట్టే చెయ్యి మాత్రం మీదే. 21 ఏళ్ల కింద కొత్త కోడలిగా వచ్చినప్పుడు మీ కూర మీద, మీ ముగ్గు మీద, మీరు ఆరేసిన చీర మీద ఒక కన్ను ఉండే ఉంటుంది. ఇప్పుడా కన్ను మేడ మీదికి మళ్లింది, మీకు కాస్త ఊపిరాడింది. అత్తగారి దగ్గర కోడలు మంచిపేరు తెచ్చుకునే దారులు మన ఇళ్లలో ఎక్కువ ఉండవు. మూడో మనిషిని ఇద్దరూ కలిసి తక్కువ చేస్తే ఆ కాసేపూ అత్తాకోడళ్లు ఒక పక్షం అవుతారు. ఆ కాసేపటి చనువు కోసం మీరు పెద్ద ధర కడుతున్నారు. ఆ ధర కూడా మీ జేబులోంచి కాదు, ఆ అమ్మాయి పరువులోంచి.

పెద్దావిడకు వేళకు అన్నం, మందులు, మర్యాద మీ బాధ్యత. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆవిడ చిన్నచూపును మీ చేత్తో నడిపించడం మాత్రం కోడలి బాధ్యత కాదు. ఆత్మగౌరవం ఉన్న ఇంటి కోడలు ఈ రెంటినీ విడదీసుకోవాలి.

ఆవిడతో వాదన పెట్టుకోకండి. సవరలు మంచివాళ్లా చెడ్డవాళ్లా అనే చర్చలోకి దిగారో, ఆవిడ పది ఉదాహరణలు తీస్తారు, మీరు పదకొండోది తీయాలి, దానికి అంతుండదు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, మీ వారూ పిల్లలూ లేనప్పుడు, ఆ దోసిలి నీళ్ల సంగతి మళ్లీ అడగండి. అప్పుడు వయసెంత, వెంట ఎవరున్నారు, నీళ్లు మోచేతుల మీదుగా గౌను మీద కారాయా, ఇంటికొచ్చి అమ్మతో చెప్పారా? పూర్తిగా వినండి. విన్న వెంటనే ‘మరి మనం చేస్తున్నదేమిటి?’ అని పట్టుకోకండి. అలా పట్టుకుంటే ఆవిడ ఆ జ్ఞాపకాన్ని మూసేస్తారు, ఇంకెప్పుడూ తెరవరు. రెండు రోజులు పోనిచ్చి ఒక్క మాట చెప్పండి: ‘అత్తయ్యా, ఇక ఆ గ్లాసు నేను విడిగా పెట్టలేను.’ అందులో ‘నేను’ ఉండాలి. ‘మీ మనవరాలు గొడవ పెడుతోంది’ అనీ, ‘రోజులు మారాయి’ అనీ ఇంకొకరి చాటుకు వెళ్లకండి. ఆవిడ వారం పాటు మాట్లాడకపోవచ్చు. ఆ వారం మీరు చేసే సేవలో ఏమీ తగ్గకూడదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఆలోచనలు రాకుండా ఏం చేయాలని. రాకుండా చేయడం కుదరదు, ఆ ప్రయత్నమే తప్పు. చిన్నప్పటి నుంచి చెవిన పడిన మాటలు మనం పిలవకుండానే వస్తాయి. ప్యాట్రీషియా డివైన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో ఈ సంగతే చూపించారు. పట్టింపు తక్కువగా ఉన్నవాళ్లకూ ఆ మొదటి ఆలోచన వస్తుంది. తేడా దాని తర్వాత ఏం చేస్తారన్నదానిలో ఉంటుంది. అణిచిపెడితే ఇంకా చెడుతుంది. 1994లో అచ్చయిన ఒక బ్రిటిష్ ప్రయోగంలో జనం చిన్నచూపు చూసే ఒక గుంపు మనిషి ఫొటో ఇచ్చి, అతని రోజు ఎలా గడుస్తుందో రాయమన్నారు. సగం మందికి మాత్రం, ఆ గుంపు గురించి అందరూ అనుకునేవి మనసులోకి రానివ్వవద్దని చెప్పారు. వాళ్లు బాగానే రాశారు. తర్వాత అతను కూర్చోబోయే కుర్చీ ఇదీ అని చెప్పి గదిలోకి పంపితే, అణుచుకున్నవాళ్లే ఎక్కువ దూరంలో కూర్చున్నారు. ‘నాకు పట్టింపు లేదు’ అనుకుంటూ గ్లాసు కిటికీలో పెట్టడం అచ్చంగా ఇదే.

అణచకుండా చేయాల్సింది రాసుకోవడం. ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కుని పేజీని నిలువుగా మధ్యకు మడవండి. ఎడమ సగంలో కన్ను చూసింది, చెవి విన్నది, ముక్కుకు తగిలింది మాత్రమే రాయాలి. కుడి సగంలో దానికి మనసు చేర్చింది రాయాలి. ఎడమవైపు: ‘రాత్రి తొమ్మిది దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడు.’ కుడివైపు: ‘ఎక్కడెక్కడ తిరిగి వస్తోందో.’ కింద అడ్డంగా ఇంకో వరుస, ‘ఇంకేం కావచ్చు’: ‘మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తోంది.’ రోజుకు రెండు మూడు చాలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు, మూడు వారాలు. వారానికోసారి కూర్చుని రాస్తే లాభం లేదు, ఈలోగా జ్ఞాపకం తన తప్పులు తనే దిద్దుకుంటుంది. చాలామంది తడబడేది ఎడమవైపే. ‘మెట్లు మురికి చేసింది’ అని రాస్తారు. అది కన్ను చూసింది కాదు, తీర్పు. ‘మూడో మెట్టు మీద మట్టి ఉంది’ అన్నది కన్ను చూసింది. ఆ మట్టి ఎవరి చెప్పులదో మీరు చూడలేదు. కుడివైపు మర్యాదగా రాసుకోకండి. సిగ్గేసే మాట అక్కడ పడితేనే పుస్తకం పనిచేస్తున్నట్టు. దాన్ని పోపుల డబ్బా వెనక దాచుకోండి, ఇంకెవరూ చూడక్కర్లేదు.

వారం గడిచాక అందులో ఒకటి తీసుకుని మనిషిని మార్చి చదవండి. మీ ఉత్తరంలోనే ఉంది. బ్యాంకు ఆయన రెండు నెలల బాకీకి బదిలీ కారణం. ఈమె నాలుగు రోజుల ఆలస్యానికి మీరు ఏ కారణమూ రాయలేదు. జీతం ఆ నెల ఎప్పుడు పడిందని అడిగారా? మనవాడి తప్పు పరిస్థితి వల్ల, పరాయి మనిషి తప్పు పుట్టుక వల్ల అనుకుంటామని మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ పెటిగ్రూ 1979లో విడమర్చారు. మంచి విషయంలో ఇది తిరగబడుతుంది. పరాయి మనిషి మంచిగా ఉంటే ఏదో ఒక మినహాయింపు అంటాం. ‘సవర అమ్మాయి అయినా నెమ్మది’ అని రాశారు. ఆ ‘అయినా’ మీకు తెలియకుండా పడింది. ఏడు నెలలుగా ఆమె నెమ్మదితనం కళ్లముందున్నా సవరల మీద మీ అభిప్రాయానికి గీత కూడా పడకుండా కాపాడింది ఆ ఒక్క మాటే. ఎండుచేపలూ అంతే. పెనం మీద వేగుతున్నది ఒకటే, మీ వంటింట్లో అది కూర, మేడ మీద వాసన.

అబ్బాయి సంగతి కూడా సరైన చోట వాడుకోండి. ‘తెలింగా’ అన్నవాళ్లు మీ వాడి గురించి ఏమీ తెలుసుకోలేదు, పేరూ యాసా చాలాయి వాళ్లకు. కానీ ‘ఆమె బాధ నాకు తెలుసు, మా వాడికీ జరిగింది’ అని ఆ అమ్మాయితో అనకండి. ఊహించుకున్న బాధ చాలాసార్లు తప్పు. ఆమెకు ఏది కష్టంగా ఉందో చెబితే వినండి, చెప్పకపోతే అడిగి విసిగించకండి.

దగ్గరైతే అన్నీ అవే సర్దుకుంటాయని కొందరు చెబుతారు. ఏడు నెలలుగా ఒకే కప్పు కింద ఉన్నారు, సర్దుకుందా? మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు, ఊరికే ఎదురుపడితే చాలదని. ఇద్దరూ ఒకే ఎత్తున ఉండాలి, ఇద్దరికీ కావలసిన పని ఒకటి ఉండాలి, దాన్ని కలిసి చేయాలి, దానికి పెద్దల అండ ఉండాలి. ఇంటి యజమాని అరుగు మీద కూర్చుని, అద్దెకున్న మనిషి నిలబడి, విడి గ్లాసులో టీ తాగుతుంటే చులకన ఇంకా గట్టిపడుతుంది. అత్తగారి బీపీ చూసిపెట్టమని అడగకండి. అది ఆమె ఉద్యోగం, ఇంట్లో ఉచితంగా చేయిస్తే మళ్లీ పనిమనిషి స్థానమే. మీ ఊళ్లో ఆఫీసు కాగితాలు ఒడియాలో వస్తాయి. పాతపట్నంలో చదువుకున్న మీకు ఆ లిపి రాకపోతే, ఆమెకు వస్తే, అలాగే ఆమెకు తెలుగు మాట వచ్చి రాత రాకపోతే, అదే మీ పని. వారానికి రెండు సాయంత్రాలు, అరగంట ఆమె నేర్పాలి, అరగంట మీరు నేర్పాలి. రెండు ఒకే రకం కుర్చీలు, ఒకే రకం గ్లాసులు. ఆమె ఒప్పుకుంటేనే సుమా, అదీ క్షమాపణ చెప్పిన మర్నాడే అడగకండి, నెల పోనివ్వండి.

మీ ఊరికి ఇది కొత్తా? 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవడానికి, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ మనిషి ఆయనకు గురువు. తర్వాత సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. అత్తగారికి పెద్దవాళ్ల మాట కావాలంటే మీ ఊరి పెద్దాయన ఉన్నారు, చెప్పండి.

గ్లాసు విషయంలో ఆర్భాటం వద్దు. ‘ఇవాళ్టి నుంచి అందరి గ్లాసుల్లోనే ఇస్తున్నాను చూడు’ అని ఆమెకు చూపిస్తే అదొక కొత్త అవమానం. ఆమె మళ్లీ కిందికి వచ్చిన రోజు మామూలు గ్లాసులో పోసి ఇచ్చి, మిగతా వాటితో కలిపి తోమి బోర్లించండి.

ఇవన్నీ చేశాక కూడా ఆమె ఖాళీ చేస్తానంటే బతిమాలకండి, అది ఆమె హక్కు. అడ్వాన్సులో సున్నాలకనీ రంగులకనీ కోయకుండా తాళం ఇచ్చిన రోజే మొత్తం తిరిగి ఇచ్చేయండి. కొత్త ఇంటివాళ్లు ఫోన్ చేసి మనిషి ఎలాంటిదని అడుగుతారు. నెమ్మదైన మనిషి, అద్దె సరిగా ఇస్తుంది, ఇల్లు శుభ్రంగా ఉంచింది అని చెప్పండి, ముందు ‘అయినా’ లేకుండా.