పైపులు దసరా అయ్యాకే

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె, తాతల నాటి నుంచి గీత వృత్తి. మా బావ అమెరికాలో వెర్మాంట్‌లో ఉంటాడు. పక్కింటాయనతో కలిసి మేపుల్ చెట్ల రసం తీసి సిరప్ కాచే పని పెట్టుకున్నాడు. చెట్టు నుంచి చెట్టుకు ప్లాస్టిక్ పైపులు కడతారట. అవి జూలైలో వేయాలా, అక్టోబర్ తర్వాతా, రసం మొదలయ్యే ముందు జనవరిలోనా తేలక, దసరాకు ఇంటికి రావాలా వద్దా అని ఊగుతున్నాడు. ఇంకోటి, అలాంటి పైపులు మా ఈత చెట్లకు పెట్టొచ్చా? నాన్నకు మోకు కట్టే వయసు దాటింది.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ముందు మీ బావగారిని టికెట్ బుక్ చేసుకోమనండి. దసరా ఎంత ఆలస్యంగా వచ్చినా అక్టోబర్ దాటదు, జమ్మి పెట్టి తీరిగ్గా తిరిగి వెళ్లినా ఆయన పని ఏమీ చెడదు. వెర్మాంట్‌లో అక్టోబర్ చివరికల్లా మేపుల్ ఆకు దాదాపు రాలిపోతుంది. అప్పటి నుంచి మంచు గట్టిగా పడేదాకా ఉండే ఆ కొన్ని వారాలే పైపులు కట్టడానికి అసలైన అదను.

ఇందులో అంతా వాలు మీదే నడుస్తుంది. రసం చెట్ల దగ్గరి నుంచి కింద ట్యాంకు దాకా తనంతట తాను జారాలి, పెద్ద పైపుకు వంద అడుగులకు కనీసం రెండడుగుల పల్లం ఉండాలి. జూలైలో అడవి ఆకుతో కమ్ముకుని ఉంటే ఈ చెట్టు దగ్గర నిలబడినవాడికి నాలుగో చెట్టు కనపడదు, ఇక వాలు ఎక్కడ చూస్తాడు? పైగా దోమలు. జనవరిలో ఇంకో తంటా. మోకాలి లోతు మంచు మీద నిలబడి ఛాతీ ఎత్తున కట్టిన పైపు, మంచు కరిగాక తల ఎత్తుకు పోతుంది. చలికి ప్లాస్టిక్ బిగుసుకుని జాయింట్ లోపలికి దిగదు, ఫ్లాస్కులో వేడినీళ్లు మోసుకెళ్లి పైపు కొసను ముంచి మెత్తబరిచి తోయాలి, అదీ గ్లౌజులు తీసేసి!

ప్లాస్టిక్ వేడికి సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. ఎండల్లో తీగలా లాగి కట్టింది గడ్డకట్టే చలిలో జాయింట్ల దగ్గర గుంజుకుంటుంది. కటిక చలిలో బిగించిందేమో రసం పారే రోజుల్లో వదులై మధ్యలో జారుతుంది. ఆ జారిన చోట రసం నిలుస్తుంది, రాత్రి గడ్డకట్టి పొద్దెక్కేదాకా దారి మూసేస్తుంది, ఎండ కాసిన రోజున పులుస్తుంది. అందుకే రసం పారేటప్పటి చలికి దగ్గరగా ఉన్న చలిలోనే కట్టుకోవడం మేలు. అలాగని ఎండాకాలం ఖాళీగా కూర్చోనక్కర్లేదు. దారులు కొట్టుకోవడం, చెట్లకు గుర్తులు పెట్టుకోవడం, పెద్ద పైపును మోసే ఇనుప తీగ లాగడం అప్పుడే చేసుకోవచ్చు. నవంబర్ రెండో సగంలో అక్కడ జింకల వేట సీజన్, కాబట్టి అడవిలోకి వెళ్తే నారింజ రంగు జాకెట్ వేసుకోమనండి, ఇది జోక్ కాదు.

ఒక్కటి కలగలపకూడదు. పైపు కట్టడం వేరు, చెట్టుకు రంధ్రం పెట్టడం వేరు. ఆ రంధ్రం దాదాపు 8 మిల్లీమీటర్ల వెడల్పు, రెండంగుళాల లోతు లోపే ఉంటుంది, పెట్టిన కొన్ని వారాలకే సూక్ష్మజీవులు చేరి రసం తగ్గిపోతుంది. కాబట్టి పైపు నవంబర్‌లో వేసినా రంధ్రం మాత్రం జనవరి ఆఖరు నుంచి, ఆ ఏటి వాతావరణం చూసుకునే పెట్టాలి. ముందే పెట్టి కూర్చుంటే అసలు సీజన్‌లో ఎండిపోతుంది. రంధ్రం పెట్టే ముందు లైను పొడవునా ఒకసారి నడవాలి, ఉడతలు కొరికిన చోట్లు కచ్చితంగా దొరుకుతాయి.

ఇక మీ ఈత చెట్ల సంగతి. సూటిగా చెప్తున్నా, పైపు పెట్టొద్దు, డబ్బు దండగ. మేపుల్‌లో రసం కారేది రాత్రి సున్నా కిందికి పోయి పగలు దానికి పైకి వస్తేనే. రాత్రి చెట్టు నీళ్లు గుంజుకుంటుంది, పగలు లోపలి ఒత్తిడికి బయటికి తోస్తుంది. అందుకే ఒక్కసారి రంధ్రం పెడితే సీజనంతా వస్తుంది. మన వరంగల్ వైపు ఎంత చలి పెట్టినా గడ్డకట్టేది లేదు, ఈతకు ఆ లెక్కే వేరు. మట్టల కింద చెక్కిన చోటును ఎప్పటికప్పుడు పల్చగా గీస్తేనే కల్లు దిగుతుంది. గీయాలంటే మనిషి ఎక్కాల్సిందే, ఎక్కినవాడు లొట్టి దింపుకొస్తే సరిపోయే, మధ్యలో పైపు ఏం మిగిల్చినట్టు? ఇంకా మేపుల్ రసంలో చక్కెర రెండు శాతం మాత్రమే, 40 లీటర్లు కాస్తే గానీ ఒక లీటరు సిరప్ రాదు, ఆ చలిలో అది త్వరగా చెడదు కూడా. మనది అంతకు ఎన్నో రెట్లు తీపి, గాలి కూడా వెచ్చన, ఒక రోజు పైపులో నిలిచిందంటే లోపలంతా పులుపే, కడిగినా పోదు.

నీరా, అంటే పులవని తీపి రసం, తీయాలని ఉంటే లొట్టి లోపల సున్నం పూయడం పాత పద్ధతే, కాకపోతే రుచి మారుతుంది. కేరళలో కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరా కోసం మంచు ముక్కలు వేసే పెట్టె తయారు చేసింది, పులవకముందే చల్లబడుతుంది. మీ బావగారిని అడగాల్సింది పైపుల గురించి కాదు, అలాంటి పెట్టె ఈతకు సరిపోయేలా చేయొచ్చా అని. నాన్నగారిని మాత్రం దిగిపొమ్మనండి. మీరు ఎక్కేటట్టయితే, చెట్టు మీంచి పడిపోకుండా కాపాడేందుకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్ గురించి మీ ఊరి గీత సంఘంలో కనుక్కోండి, ఎక్కడం నేర్పించాకే ఇస్తారు కాబట్టి ఆ ట్రైనింగ్ ఎగ్గొట్టకండి.