న్యాయ సలహా: షూరిటీ సంతకం పెట్టినవారు ఎంతవరకు బాధ్యులు?

ప్రశ్న: మా బావమరిది నడిపే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి 2019లో బ్యాంకు 40 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ (అవసరమైనప్పుడు తీసుకుంటూ, కడుతూ ఉండే అప్పు పరిమితి) ఇస్తే షూరిటీ సంతకం చేశాను. నా ఇంటి దస్తావేజులూ బ్యాంకులో పెట్టాను. కంపెనీలో నాకు పైసా వాటా లేదు. ఇప్పుడు ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయిందనీ, 60 రోజుల్లో 61 లక్షలు కట్టమనీ నాకే నోటీసు వచ్చింది. ముందు కంపెనీ యంత్రాలు, సరుకు అమ్ముకోమని అడగవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: అడగవచ్చు గానీ బ్యాంకు వినాలని లేదు. పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు (షూరిటీ) బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. అప్పుదారు దగ్గర వసూలుకు ప్రయత్నించాకే మీ దగ్గరికి రావాలంటే హామీ తీసుకున్న ప్రయోజనమే పోతుందని సుప్రీంకోర్టు 1969లో బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో తేల్చేసింది. వాటా లేకపోవడం, లాభం ముట్టకపోవడం మిమ్మల్ని కాపాడవు.

మీరు పట్టుకోవలసింది 40 లక్షలు 61 లక్షలు ఎలా అయ్యాయన్నది. అది వడ్డీయా, మధ్యలో లిమిట్ పెంచారా? గ్యారంటీ పత్రం నకలు, ఏటేటా రెన్యువల్ చేసిన శాంక్షన్ లెటర్లు, ఖాతా స్టేట్‌మెంట్ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. లిమిట్ పెంచిన లెటర్ మీద మీ సంతకం లేకపోతే కాంట్రాక్ట్ చట్టం 133వ సెక్షన్ మీ పక్షాన ఉంటుంది. సమ్మతి లేకుండా షరతులు మార్చాక జరిగిన లావాదేవీలకు మీరు బాధ్యులు కారు. అంతకు ముందటి బాకీ మాత్రం మీ నెత్తినే ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. “నాకు తెలియజేయకుండా లిమిట్ పెంచినా, గడువు పొడిగించినా అభ్యంతరం లేదు” అన్న వాక్యం బ్యాంకుల ముద్రిత ఫారాల్లో తరచూ కనిపిస్తుంది. అది ఉంటే వాదన బాగా పలచబడుతుంది. అందుకే ముందు ఆ పత్రమే చదవాలి. హామీ మొత్తానికి గరిష్ఠ పరిమితి రాశారా, ఆ అంకె మీద వడ్డీ ఏ తేదీ నుంచి లెక్కించాలన్నారు అన్నవీ అందులోనే తేలతాయి.

మీకు వచ్చినది సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింది నోటీసులా ఉంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం బ్యాంకులకు ఇచ్చే చట్టం అది. ఆ 60 రోజుల్లోపే అభ్యంతరాలు కాగితం మీద పెట్టి, రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అందిన 15 రోజుల్లో బ్యాంకు కారణాలు చూపుతూ జవాబివ్వాలి. మేనేజరును కలిసి “మాట్లాడి వచ్చాం” అంటే రేపు అప్పుల వసూలు ట్రిబ్యునల్ (డీఆర్‌టీ) ముందు దానికి విలువ లేదు. నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా ఇల్లు అమ్మకూడదు, లీజుకు ఇవ్వకూడదు.

బ్యాంకు జవాబు మీద అప్పీలు లేదు. స్వాధీన చర్య మొదలయ్యాకే, 45 రోజుల్లోపు, డీఆర్‌టీలో సర్ఫేసీ చట్టం 17వ సెక్షన్ దరఖాస్తు వేయాలి. చాలామంది ఈలోపు సివిల్ కోర్టుకు వెళ్లి స్టే అడుగుతారు. 34వ సెక్షన్ దానికి అడ్డుపడుతుంది. అది తేలేసరికి 45 రోజులు కాస్తా అయిపోతాయి. మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోదలిస్తే వేలం ప్రకటన వెలువడేలోపే కట్టాలి.

కట్టేది మీరైతే డబ్బు బావమరిది చేతికివ్వకండి. మీ ఖాతా నుంచి నేరుగా లోన్ ఖాతాకు పంపి, హామీదారుగా చెల్లించినట్టు రసీదు తీసుకోండి. బాకీ పూర్తిగా తీరితే కంపెనీ తాకట్టు పెట్టిన యంత్రాల మీద బ్యాంకుకున్న హక్కులు మీకు సంక్రమిస్తాయి (కాంట్రాక్ట్ చట్టం 140, 141 సెక్షన్లు). ఆ సొమ్ము కంపెనీ నుంచి రాబట్టుకునే హక్కూ ఉంది. అదే బాకీకి ఇతర హామీదారులు ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తలా సమాన వాటా అడగవచ్చు.

ప్రశ్న: డైరెక్టరు పదవికి రాజీనామా చేశాను. కంపెనీ రికార్డుల్లో నా పేరు తీసేశారు. హామీ కూడా పోయినట్టేనా?

జవాబు: పోలేదు. పదవి వేరు, హామీ వేరు. ఓవర్‌డ్రాఫ్ట్, క్యాష్ క్రెడిట్ వంటి నడిచే ఖాతాకు ఇచ్చిన హామీని కాంట్రాక్ట్ చట్టం 130వ సెక్షన్ కింద బ్యాంకుకు నోటీసిచ్చి రద్దు చేసుకోవచ్చు. అది రాబోయే లావాదేవీలకే పనిచేస్తుంది, ఆనాటికి ఉన్న బాకీకి మీరు బాధ్యులే. నోటీసులో ఆ రోజు నిల్వ ఎంతో రాసివ్వమని అడగండి. ఒకేసారి ఇచ్చేసిన టర్మ్ లోన్‌కు ఈ దారి పనికిరాదు. అక్కడ బ్యాంకు ఒప్పుకొని, మీ బదులు వేరే హామీదారును తీసుకుని, విడుదల పత్రం ఇవ్వాల్సిందే.

ప్రశ్న: ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌లో) కంపెనీకి పరిష్కార ప్రణాళిక (బాకీల్లో ఎవరికెంత కట్టి కంపెనీని నిలబెట్టాలో చెప్పే పథకం) ఆమోదమైంది. బ్యాంకుకు బకాయిలో కొంతే వచ్చింది. మిగతాది నన్ను అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. ప్రణాళిక ఆమోదమైనంత మాత్రాన వ్యక్తిగత హామీదారు విముక్తుడు కాడని సుప్రీంకోర్టు 2021 మేలో లలిత్ కుమార్ జైన్ కేసులో చెప్పింది. బ్యాంకు పంపే డిమాండ్ నోటీసుకు గడువు 14 రోజులే. కట్టకపోతే దివాలా స్మృతి 95వ సెక్షన్ కింద మీ మీదే ఎన్‌సీఎల్‌టీకి వెళ్లవచ్చు. ఆలోపు ప్రణాళిక కాపీ తెప్పించి, హామీల గురించి ఏం రాశారో చూడండి. మీరు కట్టిన సొమ్మును కంపెనీ నుంచి రాబట్టుకునే హక్కు అందులో రద్దయి ఉంటే, సెటిల్‌మెంట్ అంకె మాట్లాడే ముందే ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.