టెక్ సందేహాలు: పెట్టె వచ్చింది, పేరు దొరకట్లేదు

ప్రశ్న: మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. సెలవుల్లో పైథాన్, తెర మీద పెట్టెలూ బటన్లూ చేసే దాని టికింటర్ వాడి ఆయనకో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. రైతు పేరు, ఊరు, ఫోను, లాట్ నంబరు, రకం, ఎన్ని టిక్కీలు (బస్తాలు), ఏ రేటు, అన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పడతాయి. ఇప్పటికి ఆరు వేల వరుసలు దాటాయి. మౌస్ చక్రం తిప్పీ తిప్పీ గుమాస్తా గారు నన్ను తిట్టుకుంటున్నారు. పైన ఒక సెర్చ్ బార్ పెడదామంటే టికింటర్‌లో అలాంటి విడ్జెట్టే కనిపించలేదు. అంతా టికింటర్‌లాంటిదే అయిన పైక్యూటీలోకి మార్చాలా సార్? (గుంటూరు నుంచి ఓ విద్యార్థి)

జవాబు: ఏం మార్చక్కర్లేదు బాబూ. ఆ పేరుతో విడ్జెట్ లేని మాట నిజమే కానీ, మామూలు ఎంట్రీ పెట్టె ఉంటే చాలు. దానికి ఒక స్ట్రింగ్‌వార్ (పెట్టెలోని మాటను పట్టి ఉంచే వేరియబుల్) తగిలించండి. ఆ వార్ మీద ట్రేస్ యాడ్ పెట్టి, ‘రైట్’ జరిగినప్పుడల్లా, అంటే పెట్టెలో మాట మారినప్పుడల్లా, మీ ఫంక్షన్‌ను పిలవమనండి. ఫంక్షన్ చేసే పని ఒకటే: ట్రీవ్యూ (వరుసలు చూపే పట్టిక) ఖాళీ చేసి, సరిపోయిన వరుసలతో మళ్లీ నింపడం.

ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. ‘తేజ’ అని ఇంగ్లిష్‌లో కొడితే నాలుగు అక్షరాలు. అంటే నాలుగు సార్లు వేల వరుసలు చెరిపి మళ్లీ నింపుతారు. ఆరు వేల పేర్లు వెదకడం పైథాన్‌కు పెద్ద లెక్క కాదు, వాటిని ట్రీవ్యూలో నింపడానికే టైమ్ పడుతుంది. అందుకని అక్షరం పడగానే వెదక్కండి. ‘ఆఫ్టర్’ వాడి 250 మిల్లీ సెకన్లు ఆగమనండి. ఈలోపు ఇంకో అక్షరం పడితే ‘ఆఫ్టర్ క్యాన్సిల్’తో పాతదాన్ని రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టండి. చూపించేది కూడా మొదటి రెండు వందల వరుసలే. అంతకు మించి వచ్చాయంటే ఆయన ఇంకో రెండు అక్షరాలు కొట్టాలన్నమాట, ఆ మాట కింద చిన్నగా రాయండి. ఏమీ దొరక్కపోతే ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అని చూపండి. ఖాళీ తెర కనిపిస్తే ప్రోగ్రామ్ చచ్చిందనుకుని కంప్యూటర్ ఆపేసి మళ్లీ వేస్తారు, నేను చూశాను.

పెట్టెలో ‘ఇక్కడ వెదకండి’ అని లేత రంగులో రాయాలని మీకూ అనిపిస్తుంది. పైక్యూటీలో లైన్‌ఎడిట్‌కు ఆ సదుపాయం ఉంది, చెరిపేసే ఇంటూ గుర్తు కూడా ఒక్క సెట్టింగ్ పెడితే వస్తుంది. టికింటర్ వెనకుండే టీకే 8.6లో లేదు. దొంగదారిన ఆ మాటలే పెట్టెలో నింపితే ప్రోగ్రామ్ వాటినే రైతు పేరనుకుని వెదుకుతుంది. ఒకసారి విజయవాడలో మిత్రుడి మందుల షాపుకి నేను చేసిన నిర్వాకం అదే. తెరవగానే లిస్టు ఖాళీ, మిత్రుడికి చెమటలు. పెట్టె పక్కన ఒక లేబుల్ పెట్టి ఊరుకోండి.

ఇదంతా ఒక పూట పని. అసలు పని పేర్ల దగ్గర ఉంది. మీ డేటా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉందనుకుంటున్నాను. వెంకటేశ్వర్లు గారి పేరు మీ లిస్టులో ఎన్ని రకాలుగా పడిందో ఒక్కసారి చూడండి. ‘శ్వ’ దగ్గర ఒకరు ఎస్ డబ్ల్యూ, ఒకరు ఎస్‌హెచ్ డబ్ల్యూ, ఇంకొకరు ఎస్ వీ. లక్ష్మిని కొందరు కేఎస్‌హెచ్‌తో, కొందరు ఎక్స్‌తో రాస్తారు. సుబ్బారావు ఒకచోట ఒక ముక్క, ఇంకోచోట రెండు ముక్కలు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఆ రోజు కౌంటర్లో కూర్చున్న మనిషి ఇష్టం. మీ సెర్చ్ బార్ అక్షరం పొల్లు పోకుండా వెదికితే సగం మంది దొరకరు. దొరక్కపోతే గుమాస్తా గారు ఊరుకోరు కదా, కొత్త రైతుగా ఎక్కిస్తారు. ఒకే మనిషికి రెండు ఖాతాలు పడతాయి. లెక్క తేల్చే రోజు బాబాయికి ఉంటుంది అసలు టెన్షన్.

కాబట్టి టేబుల్‌లో ఇంకో కాలమ్ చేర్చండి, తెర మీద కనపడక్కర్లేదు. పేరును అందులో ఒక దారికి తెచ్చి దాచండి. అన్నీ చిన్న అక్షరాలు చేయాలి, చుక్కలూ ఖాళీలూ తీసేయాలి. తర్వాత ఎక్స్‌ను కేఎస్‌గా, ఎస్‌హెచ్‌ను ఎస్‌గా, డబ్ల్యూను వీగా, టీహెచ్‌ను టీగా, డీహెచ్‌ను డీగా, రెండు ఈలను ఐగా, రెండు ఓలను యూగా మార్చాలి. జంట అక్షరాలను ఒంటివి చేయడం ఆఖర్న. ముందే చేస్తే ఆ రెండు ఈలు ఒక్కటైపోయి ఐగా మారవు. వెదికేవాళ్లు కొట్టినదాన్ని కూడా ఇదే ఫంక్షన్ గుండా పంపి, ఆ కాలమ్‌లో వెదకండి. ఇంటిపేరు గొడవ పోవాలంటే కొట్టినదాన్ని ఆ ఫంక్షన్‌కు పంపకముందే ఖాళీల దగ్గర ముక్కలు చేసి, ప్రతి ముక్కా అందులో ఎక్కడో ఉంటే చాలనండి. దీనివల్ల ఒకరికి బదులు ముగ్గురు కనపడొచ్చు. పర్వాలేదు, ముగ్గురిలో ఒకర్ని కన్ను పట్టేస్తుంది.

రకాన్ని మాత్రం ఈ పెట్టెలో కలపొద్దు. ‘334’ అని కొడితే ఆ రకం వస్తుంది, లాట్ నంబర్లో 334 ఉన్నదీ వస్తుంది, ఫోన్ నంబర్లో ఉన్నదీ వస్తుంది. తేజ, 334, 341, తాలు, వీటికి పక్కన ఒక చిన్న కాంబోబాక్స్ (లిస్టులోంచి ఎంచుకునే పెట్టె) పెట్టండి. సెర్చ్ బార్ పేరుకీ ఊరుకీ ఫోన్ చివరి నాలుగు అంకెలకీ ఉంచండి. ఇది నా అభిప్రాయమే. ఖాయం చేసుకునే ముందు సీజన్లో ఒక ఉదయం కొట్టులో కూర్చుని, వచ్చిన రైతు ‘నా సరుకు ఏమైంది’ అని ఏ ఆనవాలు చెప్పి అడుగుతున్నాడో వినండి.

కంట్రోల్ ఎఫ్ కొడితే కర్సర్ పెట్టెలోకి రావాలి, ఎస్కేప్ కొడితే పెట్టె ఖాళీ కావాలి, కిందికి బాణం కొడితే లిస్టులోకి దిగాలి. గుమాస్తా గారి ఒక చెయ్యి ఎప్పుడూ ఫోన్‌కే సరిపోతుంది. ఎస్‌క్యూఎల్‌లో కొట్టిన మాటను నేరుగా అతికించకండి, ప్రశ్న గుర్తు పెట్టి విడిగా పంపండి.

ప్రశ్న: విజయవాడ ఏలూరు రోడ్డులో మాది పుస్తకాల షాపు. సీ షార్ప్, విండోస్ ఫార్మ్స్‌లో చేయించుకున్న స్టాకు ప్రోగ్రామ్‌లో సెర్చ్ పెట్టె ఉంది. తెలుగు పేర్లు కళ్లెదురుగా కనపడుతున్నా కొన్ని వెదికితే రావు. ఇంగ్లిష్ పుస్తకాలకు ఈ బాధ లేదు. (పుస్తకాల షాపు నుంచి ఓ పాఠకుడు)

జవాబు: మీ కంటికి ఒకటిగా కనపడేది కంప్యూటర్‌కు రెండుగా ఉండొచ్చండీ. ‘ఇంటర్‌నెట్’లో ర కింద న వత్తు పడకుండా ఉండాలని కొన్ని కీబోర్డులు మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడతాయి. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. పేరులో అది ఉండి, మీరు కొట్టినదాంట్లో లేకపోతే రెండూ కలవవు. ఐత్వం కూడా ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వమూ దాని కింద ఇంకో గుర్తూ కలిసి ఉండొచ్చు. తెర మీద తేడా తెలియదు.

మందు పై జవాబులోదే: వెదకడానికి వేరే కాలమ్. మీ ప్రోగ్రామర్‌తో చెప్పి ఆ కాలమ్‌లో 200సి, అలాంటిదే ఇంకో కనపడని అక్షరం 200డి, రెండూ తీసేయించండి, ఐత్వంలాంటి వాటిని ఒకే రూపానికి తెచ్చే ‘నార్మలైజ్’ ఒకసారి పిలిపించండి. మీ దగ్గర పాత ముద్రణలు ఉంటాయి కాబట్టి బండి ఱను రగా మార్చి, అరసున్న కూడా తీసేయమనండి. ‘గుఱ్ఱము’ అని అచ్చయిన పుస్తకాన్ని ‘గుర్రము’ అని అడిగేవాళ్లే ఎక్కువ కదా.

పాత లిస్టు ఏదైనా అను ఫాంట్లలో టైపు చేసినదైతే ఇవేవీ పనిచేయవు. అందులో తెలుగు ఫాంటులో మాత్రమే ఉంది, లోపల ఉన్నవి తెలుగు యూనికోడ్ అక్షరాలు కావు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్పించి, వత్తులు ఒకసారి కంటితో సరిచూసుకోండి.

ఇంకొకటి. టెక్స్ట్‌బాక్స్‌లో వచ్చే ఆటోకంప్లీట్ పేరు మొదటి నుంచే కలుపుతుంది. కొనేవాళ్లకు గుర్తుండేది తరచూ మధ్యలో మాట. గ్రిడ్‌ను బైండింగ్‌సోర్స్ ఫిల్టర్‌తో, అటూ ఇటూ పర్సెంట్ గుర్తు పెట్టి వడకట్టమనండి.

ప్రశ్న: విండోస్ 11లో కింద టాస్క్‌బార్ మీద సెర్చ్ పెట్టె చాలా చోటు తింటోంది. తీసేస్తే వెదకడం పోతుందా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: పోదు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అక్కడ సెర్చ్ ఎదురుగా ‘హైడ్’ ఎంచుకోండి. మరీ బోసిగా అనిపిస్తే ఐకాన్ ఒక్కటే ఉంచే వీలూ ఉంది. దాచేశాక కూడా విండోస్ మీట నొక్కి నేరుగా టైపు చేస్తే వెదుకుతుంది.